ఇష్టంతో చేసే ఉపకారం

ముఖపరిచయం లేని మనిషికి చేసే మేలును ఉపకారమని, మనసుకు నచ్చిన పనికి కాలాన్నీ సొమ్మునూ ధారపోయడాన్ని వ్యాపకమని పిలిచి, మొదటిదానిలో త్యాగాన్నీ రెండోదానిలో సొంత సరదానూ చూడటం లోకానికి అలవాటు. తెలుగునాట పేరు నిలిచిన సామాన్యుల జీవితాలను పరిశీలిస్తే ఈ విభజన నిలబడదు. కళ్లెదుట కష్టం కనబడినప్పుడు పుట్టి, అది కనుమరుగు కాగానే చల్లారిపోయే భావం జాలి. దాని బలంతో ఒక పూట అన్నం పెట్టవచ్చు, ఒక చలివేంద్రం తెరవవచ్చు గానీ, యాభై ఏళ్ల పాటు ఒకే పనిని పరుల కోసం చేయడం సాధ్యం కాదు. అంతకాలం సాగిన ప్రతి మేలు వెనుకా, చేసేవారికి ఆ పని మీద ఉన్న విడువరాని ఇష్టం, ఇరుగుపొరుగు పిచ్చి అని పిలిచేంతటి ఇష్టం, కనిపిస్తుంది.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. పెద్ద చదువూ హోదా లేని ఈ గ్రామీణుడు వేసవిలో గింజలు ఏరుకుని, వానలు పడగానే వాటిని సైకిల్ మీద మోసుకుంటూ రోడ్ల పక్కన, కాలువ గట్ల వెంట, బడి ఆవరణల్లో, ఖాళీ జాగాల్లో నాటుతూ ఆయుష్షంతా గడిపారు. నాటిన మొక్కలు కోటి దాటాయన్నది జనంలోనూ పత్రికల్లోనూ స్థిరపడిన మాట. లెక్క ఎంతైనా, ఆయన పద్ధతి మాత్రం నిశితమైన పరిశీలనకు తగినది. మొక్కలు నాటమని రాసిన రేకు పలకలను మెడలో వేసుకుని ఊరూరా తిరిగిన ఆ మనిషి, తన శరీరాన్నే ప్రచార సాధనంగా మార్చుకున్నారు. మనుమరాళ్లకు సైతం పూలూ పచ్చదనమూ కలిసొచ్చే పేర్లు పెట్టుకున్నారు. విత్తనాలకూ మొక్కలకూ డబ్బు చాలక ఉన్న భూమిని అమ్ముకున్నారు. చెట్టు పెరగడానికి పట్టే కాలాన్ని బట్టి చూస్తే, దారి పక్కన నాటిన వేపో కానుగో నీడనిచ్చేనాటికి దాని కింద కూర్చునే బాటసారికి నాటిన చేయి ఎవరిదో తెలిసే అవకాశమే లేదు. పుచ్చుకునేవారికి ఇచ్చినవారు తెలియకపోవడం, ఇచ్చినవారికి పుచ్చుకునేవారు తెలియకపోవడం దానంలో అన్నింటికన్నా అరుదైన స్థితి. కృతజ్ఞత ఎన్నడూ తిరిగిరాని ఆ స్థితిలో పని చేసేవారిని నడిపించేది పనిలోని రుచి ఒక్కటే. 2022లో రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఢీకొన్న వ్యక్తిపై కేసు పెట్టవద్దని, బదులుగా అతనితో వంద మొక్కలు నాటించమని రామయ్య కోరినట్లు పత్రికలు రాశాయి. అందులో క్షమాగుణం ఎంత ఉందో, మొక్కల సంఖ్య పెంచుకునే అవకాశం దేన్నీ వదులుకోని ఆశ అంత ఉంది. రెండింటినీ విడదీయడం కుదరదు.

2017లో రామయ్యకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది అదే పురస్కారం అందుకున్న మరో తెలుగువాడు, ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం. ఆయన కృషి విలువ తెలియాలంటే ఆసు అంటే ఏమిటో తెలియాలి. పోచంపల్లి తరహా ఇక్కత్ చీరకు నూలును ముందే కట్లు కట్టి రంగులద్దుతారు గనుక, ఆ కట్లు కట్టడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ఒక క్రమంలో పోగు వెంట పోగుగా తిప్పాలి. ఈ పనినే ఆసు పోయడం అంటారు. సాధారణంగా ఇంటి ఆడవారి వంతుకు వచ్చే ఈ పనిలో ఒక్క చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు, రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు అటూ ఇటూ ఆడించవలసి వస్తుంది. ఆ పనితో భుజం పడిపోయిన తల్లి లక్ష్మి బాధ చూసిన కొడుకు, ప్రాథమిక చదువు దాటి ఎక్కువ దూరం వెళ్లనివాడు, 1992 నుంచి యంత్రం కోసం తంటాలు పడి 1999లో దాన్ని పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది.

తల్లి మీద ప్రేమ కథగానే ఇది ప్రచారం పొందింది, ఆయన జీవితం మీద 2019లో వచ్చిన చలనచిత్రం కూడా దాన్ని అలాగే పదిలపరిచింది. ప్రేమ మొదటి కారణమన్నది నిజమే అయినా, అంతటితో ఆపితే సగం కథే చెప్పినట్లు. తల్లి కష్టం చూసి కన్నీరు పెట్టుకునే కొడుకులు ప్రతి నేత ఇంటా ఉన్నారు. చేతి కదలికను ఒక్కొక్క ముక్కగా విడగొట్టి, ఏ కదలికను ఏ భాగంతో చేయించవచ్చునో ఏడేళ్లు ఆలోచించగలిగేది యంత్రం మీద మోజు పట్టినవాడే. ఆ మోజు లేకుంటే ఒక్క లక్ష్మి భుజానికి మందు దొరికేదేమో గానీ, మల్లేశం ఎన్నడూ చూడని వందల ఇళ్లలోని ఆడవారి భుజాలకు ఊరట దొరికేది కాదు.

పుస్తకాల విషయంలోనూ ఇదే తీరు. గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య తిరిగే ప్రయాణికుల పడవల్లో పుస్తకాలు ఉంచి, ఎక్కిన ప్రతివారికీ చదువుకోవడానికి అందించే ఏర్పాటు చేశారు. పడవ ప్రయాణంలో గంటల తరబడి చేతులు ముడుచుకుని కూర్చునే జనాన్ని చూసి, వారి తీరిక వృథా పోతోందని బాధపడాలంటే ముందుగా పుస్తకమంటే ప్రాణం ఉండాలి.

ఇక డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి 1909లో మరణించిన ఈ గృహిణి గోదావరి లంకల్లోని గన్నవరంలో వేళ మించి వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన మహా ఇల్లాలుగా ప్రసిద్ధురాలు. ఆమె ఔదార్యం ఎంత నిజమో, ఆ ఊరి ఉనికి అంత ముఖ్యం: లంకలంటే నదీపాయల నడుమ నీటితో చుట్టబడిన పల్లపు భూములు, రేవు దాటడం ఆలస్యమైనా, వరద వచ్చినా బాటసారి ఆగిపోవలసిందే, పూటకూళ్ల ఇల్లు అందుబాటులో లేని చోట ఆగితే పస్తుండవలసిందే. అంతర్వేది యాత్రకు బయలుదేరిన సీతమ్మ, దారిలో ఆకలిగొన్న పెళ్లివారు తన ఇంటికే భోజనానికి పోతున్నామని చెప్పుకోవడం విని, దైవదర్శనం మానుకుని వెనుదిరిగిందన్న కథ గోదావరి జిల్లాల్లో నేటికీ చెప్పుకుంటారు. చరిత్రకారుడు దానికి రుజువు అడగవచ్చు. కానీ వండి వడ్డించడమే ఆమెకు యాత్ర అని జనం గ్రహించారనడానికి ఆ కథే చాలు. వందలమందికి వేళాపాళా లేకుండా వండటం నైపుణ్యమనీ, సరుకుల అంచనా, పొయ్యిల ఏర్పాటు, సాయపడే చేతుల కూర్పు తెలిసినవారికే అది సాధ్యమనీ మాత్రం ఆమెను అన్నపూర్ణగా కొలిచేవారు అరుదుగా చెబుతారు. వంట మన లెక్కలో విద్య కాదు కాబోలు.

సామాన్యులను ఇలా దేవతలుగా మార్చడంలో ఒక సౌకర్యం ఉంది: దేవతలకు పూజ చాలు, జీతం అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో బడి భోజన పథకానికి సీతమ్మ పేరు పెట్టారు. వైనతేయ పాయపై గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకూ, అంటే కాలువ నీటిని నది మీదుగా దాటించే వంతెనకూ, ఆమె పేరే ఉంది. పేర్లు సముచితమే. కానీ ఆ బడుల్లో నిత్యం పరుల బిడ్డలకు వండే మహిళలకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2019లో పెంచిన తరువాత అది నెలకు 3,000 రూపాయలకు చేరింది. సీతమ్మ ఫోటోకు వేసే దండ ఖర్చు గురించి ఇక్కడ ప్రస్తావించకపోవడమే మర్యాద.

ఇష్టంతో చేసే ఉపకారానికి ఇంటివారు చెల్లించే మూల్యం మరో సంగతి. రామయ్య భూమి అమ్మినప్పుడు ఆ ఇంటి నష్టాన్ని సగం భరించినది భార్య జానమ్మ. ఆమె కూడా గింజలు ఏరి, మొక్కలు పెంచి, భర్తతో పాటు పని చేసింది, పద్మశ్రీ పత్రంలో మాత్రం ఒక్క పేరే ఉంది. ఒకరి పట్టుదలను కీర్తించే వ్యాసాలు, ఈ వ్యాసంతో సహా, రెండోవారిని ఒక వాక్యంలో ముగించడం న్యాయం కాదు.

రామయ్య 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. సంతాపాలు వచ్చాయి, విగ్రహాల మాటా వచ్చింది. ఆయనకు విగ్రహంతో పని లేదు. ఆయన నాటినవీ ఆయనను చూసి ఇతరులు నాటినవీ అయిన చెట్లు ఎక్కువగా రోడ్ల అంచునే ఉన్నాయి, రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మొదట కూలేవీ అవే. నాటడం ఒక మనిషి ఇష్టంతో అయిపోయింది. నిలబెట్టడం ప్రభుత్వ శాఖల బాధ్యత, వాటిని అడగవలసినది పౌరులు. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన చట్టం ప్రకారం, అధికారి అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. కనుక ఊరి రోడ్డు మీద గొడ్డలి చప్పుడు వినబడిన పాఠకులు ఆ అనుమతి పత్రం చూపమని అడగాలి. చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వడం ఆ కార్యాలయం విధి.