కథలో తప్పు పట్టువారు

నర్సీపట్నములో ఒక ఇంట, ఆదివారము మధ్యాహ్నము టెలివిజనులో ‘ఆదిత్య 369’ వచ్చుచున్నదనుకొందము. సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 1991లో వెలువడిన ఈ చిత్రములో, కాలయంత్రమెక్కిన నాయకుడు 1526వ సంవత్సరమునకు పోయి శ్రీకృష్ణదేవరాయల కొలువు చేరును. అటు పిమ్మట 2504నకు పోవును. తొమ్మిదవ తరగతి చదువుచున్న పిల్లవాడు చూచి చూచి ఇట్లడుగును: “నాన్నా, వీళ్ళు రాయలవారి కాలానికి వెళ్ళి అక్కడ ఇన్ని పనులు చేశారు కదా! మరి తిరిగి వచ్చేసరికి చరిత్ర కొంచెమైనా మారవద్దా?” తండ్రి “ఊరుకోరా, సినిమాని సినిమాలా చూడాలి” అనును. అక్క ఊరకుండదు. “మారే ఉంటుందిరా. ఆ మారిన చరిత్రనే మనం బళ్ళో చదువుకుంటున్నామేమో!” అనును. చిత్రము ముగిసినను ఇక వాదము ముగియదు.

ఇట్టి వాదములు ఒక్క ఇంటివి కావు, ఒక్క దేశమువి కావు. అమెరికాలో 1966లో ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజన్ కథ ఆరంభమయ్యెను. అందులో క్లింగన్లు అను పరగ్రహవాసులు మొదట మనుష్యులవలెనే నున్నని నొసళ్ళతో కనబడిరి. 1979లో వచ్చిన చలనచిత్రమున అదే జాతివారికి నొసట ఎముకల గట్లు మొలచెను. ఎట్లు మొలచెనని అభిమానులు ఏండ్ల తరబడి వాదించిరి. 1996లో ఒక కథాభాగమున, ఈ ప్రశ్న ఎదురైన క్లింగన్ పాత్ర, ఆ సంగతి పరాయివారితో ముచ్చటింపమని తప్పించుకొనెను. తుదకు 2005లో, ఆ మార్పునకు ఒక వ్యాధి కారణమని కథకులు రెండు భాగములలో కథ అల్లి సమాధానము చెప్పవలసి వచ్చెను. ప్రేక్షకులు అడిగిన ప్రశ్నయే కొత్త కథకు బీజమయ్యెను.

ఈ అలవాటు టెలివిజనుతో పుట్టినదియు కాదు. షెర్లాక్ హోమ్స్ కథలలో డాక్టరు వాట్సనుకు యుద్ధమున తగిలిన గాయము 1887 నాటి మొదటి నవలలో భుజమున ఉన్నది. 1890 నాటి రెండవ నవలలో కాలికి దిగినది. ఇటువంటి పొరపొచ్చెములను చేర్చి రోనాల్డ్ నాక్స్ 1911లో ఆక్స్‌ఫర్డునందు ఒక ప్రసంగమే చేసెను. అది పరిహాసమే, అయినను కథలను ప్రేమించి మరల మరల చదివినవాడు గాని చేయలేని పరిహాసము.

“పనిలేని వాదములు” అని పెద్దలు ఈ చర్చలను తీసివేయుట కద్దు. కాని మన ఆలంకారికులు వీనిని పనిలేనివిగా తలపలేదు. దండి కావ్యాదర్శమున పది దోషములను పేర్కొనెను. అందులో ఒకదాని పేరు ‘వ్యర్థము’. నేడు వ్యర్థమనగా పనికిమాలినదని అర్థము. శాస్త్రమున మాత్రము విరుద్ధమైన అర్థము కలదని. ఒక వాక్యమందు గాని, కావ్యమంతటియందు గాని, ముందు చెప్పిన మాటను వెనుక చెప్పిన మాట కొట్టివేసినచో అది వ్యర్థము. దేశము, కాలము, కళలు, లోకము, న్యాయము, ఆగమము అనువానితో విరోధించుట వేరొక దోషము. ఈ రెంటిని వేరు చేసి చూపుటయే దండి మనకు చేసిన మేలు.

వైజ్ఞానిక కల్పనకు ఈ భేదము ఎంతయు ముఖ్యము. కాలమును దాటు యంత్రము లోకములో లేదు. అయినను కథకుడు మొదటనే ఉన్నదని చెప్పును. మనము ఒప్పుకొని కూర్చుందుము. అది తప్పు కాదు, ఒప్పందము. కాని ఆ యంత్రమునకు ఒక నియమమని మొదట చెప్పి, చివరకు ఆ నియమమును మరచినచో అది వ్యర్థదోషము. గుర్రము ఎగిరినదన్న కథను విందుము. ఎగిరెడు గుర్రము గల రాజు ఏరు దాటలేక గట్టున కూర్చుండి ఏడ్చెనన్నచో నవ్వుదుము. లోకము మాట తప్పినను శ్రోత ఓర్చును. కథ తన మాట తాను తప్పినచో ఓర్వడు.

కాలవిరోధమును పట్టుటకు చదువు కావలెను. నర్సీపట్నము పిల్లలనే తీసికొందము. కాలయంత్రమెక్కిన నాయకుడొకడు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై అల్లూరి సీతారామరాజు దళము దాడి చేయుట చూచెనని కథ అల్లిరనుకొందము. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. అక్కడ ఎదురైన ఆనాటి గ్రామస్థుడు “మాది అనకాపల్లి జిల్లా” అనినచో ఇక్కడి పిల్లవాడు పకాలున నవ్వును. ఆ జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న గదా! దూరపు ఊరివాడు దీనిని గమనింపకనే పోవచ్చును. తెలిసినవానికే తప్పు కనబడును.

‘ఆదిత్య 369’లోనే 1526 నాటి కొలువున తెనాలి రామలింగడు కనబడును. అతడు నిజముగా ఆనాటివాడా అని ఒక విద్యార్థి అడిగెననుకొందము. అది సినిమా ప్రశ్న కాదు, సాహిత్యచరిత్ర ప్రశ్న. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యము రాయలకు గాక విరూరి వేదాద్రి మంత్రికి అంకితము. అతడు రాయల తరువాతివాడని పలువురు పండితుల మతము. అష్టదిగ్గజములలో చేర్చి చెప్పు భట్టుమూర్తి తన వసుచరిత్రమును తిరుమలరాయలకు అంకితమిచ్చెను. రాయలు గతించినది 1529లో, తిరుమలరాయలు పెనుగొండ నుండి ఏలినది 1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత. ఒక్క సినిమాను శంకించిన పిల్లవాడు ఇంత దూరము నడచి రాగలడు.

అట్లని తప్పులు లెక్కించుటయే రసజ్ఞత కాదు. శోకమోహములచే కలగిన మనస్సుగల పాత్ర ముందువెనుకలు పొసగని మాటలాడుట దోషము కాదని దండియే చెప్పెను. కవికౌశలము వలన విరోధమే గుణమగుననియు చెప్పెను. కనుక తప్పు పట్టిన పిదప దాని బరువు తూచవలెను. వాట్సను గాయము భుజమున ఉన్నను కాలికి ఉన్నను కథకు లోటు లేదు. ధీరుడని చెప్పిన పాత్ర హేతువు లేకయే పిరికియైనచో కథ ప్రాణమే పోవును. ఈ తూనిక లేనివాడు నాలుగు తప్పులు పట్టి గెలిచితిననుకొనును. వాడు కథను కోల్పోయినవాడే.

ఇక్కడనే ఉపాధ్యాయుని బాధ్యత కలదు. ఇంట టెలివిజను ముందు అంత చురుకుగా వాదించు విద్యార్థి తరగతిలో పద్యము విని తలయూపి ఊరకుండుటకు కారణమేమి? అక్కడ ప్రశ్న తప్పు కాదు. ఇక్కడ ప్రశ్న అవినయమని వాడు నేర్చుకొనెను. కాని ప్రశ్న వలన కావ్యము చెడలేదు, పెరిగినది. భారతమున దుష్యంతుడు శకుంతలను ఎరిగియు ఎరుగననెను. ఆకాశవాణి పలికిన పిమ్మట గాని స్వీకరింపలేదు. ఉత్తముడైన రాజు ఇట్లు చేయునా అను ప్రశ్నకు జవాబో అనునట్లు కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించెను. నాయకుని నడతలోని చిక్కును విడదీసిన ఆ కల్పనయే శాకుంతలమునకు ఆయువుపట్టయ్యెను.

కనుక విద్యార్థి లేచి “ఇది పొసగలేదండీ” అనినప్పుడు “కూర్చో” అనుట సులభము. “ముందు కవి ఏమన్నాడో చూపు, తరువాత ఏమన్నాడో చూపు, రెండూ ఎందుకు పొసగవో చెప్పు” అనుట కష్టము. ఈ మూడు మాటలలోనే విమర్శ విద్య అంతయు ఇమిడియున్నది. నర్సీపట్నపు ఇంటిలోని ఆ తండ్రియు “ఊరుకోరా” అనుటకు మారుగా “ఏదీ, ఆ ఘట్టం మళ్ళీ చూద్దాం” అనినచో, ఆ ఇంట మంచి చదువరి ఒకడు తయారగును.