స్పీకరు నెత్తిన రాయి

జగదల్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళం నలుగురైదుగురం ఆదివారాలు ఒక మిత్రుడి ఇంట్లో చేరి పాత పాటలు వింటుంటాం. ఆమధ్య ఆయన తన స్పీకర్ల మీద రెండు నల్లరాతి పలకలు పెట్టారు. జత తొమ్మిది వేలట! చెడు ప్రకంపనాల్ని పీల్చేస్తాయని అట్టపెట్టె మీద రాసుంది. హేతువాదికి ఇంకేం కావాలి? "వేలికి పెట్టుకోవాల్సిన రాయిని స్పీకరు నెత్తిన పెట్టారేమండీ?" అని నలుగురిలో ఎగతాళి చేశాను. ఆయన నొచ్చుకున్నారు. "మీరు పరీక్షించి చూశారా, చూడకుండానే తేల్చేశారా?" అన్నారు. బాబాల భక్తుల్ని నేను అడిగే ప్రశ్నే అది. జవాబు లేకపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, స్పీకరులో కోను ఊగినప్పుడల్లా పెట్టె గోడలూ ఊగుతాయి. ప్రతి పలకకీ తనదంటూ ఒక పౌనఃపున్యం ఉంటుంది. పాటలో ఆ స్వరం వస్తే పలక కూడా గొంతు కలుపుతుంది, స్వరం ఆగాక కూడా కాసేపు మోగుతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు పెట్టెని వేలి కణుపుతో కొట్టండి, మీకే వినిపిస్తుంది.

దాని మీద బరువు పెడితే పలక అంత సులువుగా కదలదు, మోత శ్రుతి కూడా దిగుతుంది. కదిలే బరువు రెట్టింపయితే 300 హెర్ట్జ్‌ల మోత సుమారు 212కి దిగుతుంది. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అద్దేది ఇందుకే. కుడివైపు నల్లమచ్చ బరువు వల్ల ఉపస్వరాలు ఎలా కుదురుతాయో సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లోనే నేచర్ పత్రికలో రాశారు. అంటే బరువు సంగతి మూఢనమ్మకం కాదు.

అయితే శ్రుతి దిగటం వేరు, మోత చావటం వేరు. మా కొండగావ్ పనివాళ్ళు పోతపోసిన గంటని కొట్టి వేలితో పట్టుకోండి, టక్కున ఆగుతుంది. అక్కడ కదలిక వేడిగా మారిపోతుంది. పెట్టె లోపల అంటించే తారు షీటు చేసే పనీ అదే. బీబీసీ ఇంజనీర్లు హార్వుడ్, మాథ్యూస్ 1977 నివేదికలో మందపాటి గోడలకన్నా, తారు పొర వేసిన సన్నటి ప్లైవుడ్ గోడలవైపే మొగ్గారు.

సరే, పరీక్ష పెట్టాం. మిత్రుడు వరండాలోకి వెళ్తారు. వాళ్ళబ్బాయి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే రాళ్ళు పెట్టి, బొరుసు పడితే తీసేసి, స్పీకర్లకి పల్చటి దుప్పటి తెర కట్టి వేరే గుమ్మంలోంచి వెళ్ళిపోతాడు. పాట అదే, వాల్యూమ్ అదే. మిత్రుడు వచ్చి విని కాగితం మీద రాస్తారు. 16 సార్లలో 14 సార్లు సరిగ్గా చెప్పారు! గుడ్డిగా ఊహించి అన్ని ఒప్పులు తెచ్చుకునే అవకాశం సుమారు 500లో ఒకటి. ఎగతాళి చేసిన నోటితోనే క్షమాపణ చెప్పాను. ఆయనవి పల్చటి గోడల పెట్టెలు, మరీ డొల్లగా మోగుతాయి. మందపాటి పెట్టెల మీద ఇంత తేడా వచ్చేదని నేననను.

అక్కడితో ఆగితే కొట్టువాడు గెలిచినట్టే. మర్నాడు, ఇక్కడ ఇళ్ళల్లో పరిచే ఫర్షీ రాయి ముక్కల్ని అదే బరువుకి కోయించి, నల్లరాయికీ దానికీ పోటీ పెట్టాం. 16లో 9. నాణెం కూడా అంతే చెబుతుంది. జీతమంతా రక్షణ శాఖ పద్దులు చూసి సంపాదించినవాణ్ణి, ఆ తొమ్మిది వేలకి వోచరు ఏదని అడక్కుండా ఎలా ఉంటాను? సగం నిజం చెప్పి సొమ్ము చేసుకునేవాడితోనే మనకి చిక్కు. మనం పూర్తిగా కొట్టిపారేస్తాం, కొన్నవాడికి తేడా వినిపిస్తుంది, ఆ తర్వాత మనం ఏం చెప్పినా నమ్మడు.

నెత్తిన పెట్టిన రాయి పై పలకకే గాని పక్క పలకలకి పెద్దగా ఉపకరించదు. అందుకని కారు తలుపుల లోపల అంటించే తారు షీట్లు తెచ్చి అన్ని గోడలకీ లోపల అంటించాం. మళ్ళీ రాళ్ళతో, రాళ్ళు లేకుండా వినిపిస్తే 16లో 8. రాయికి ఇక పని లేకపోయింది.

మే నెల ఎండకి ఒక షీటు జారింది. ఇప్పుడు మూలల్లో చిన్న స్క్రూలు బిగించాం.