భుజ మెరిగిన సంచి

మోసెడివానికి తెలియును కావడి బరువని పెద్దల మాట. కెమేరా కొనువారు సాధారణముగా ఈ మాటను మరతురు. కొనుటకు ముందు నెలల తరబడి విచారణ సాగింతురు. ఏ లెన్సు మసకవెలుతురులో బాగుగా పనిచేయునో, ఏ కంపెనీవాని రంగులు కంటి కింపుగా నుండునో తెలిసినవారి నెల్లర నడుగుదురు. సంచి విషయమున మాత్రము దుకాణదారు చేతి కందించినదానినే పుచ్చుకొని యింటికి వత్తురు. మూడు మాసములు గడచునప్పటికి కెమేరా బీరువాలోనికి, సంచి దాని క్రింది అరలోనికి చేరును. మోజు తీరినదని యింటివారందురు. చాల సందర్భములలో తీరినది మోజు కాదు, అలసినది భుజము.

ఛాయాగ్రహణపు తొలినాళ్ళలో భుజము ప్రసక్తియే లేదు. 1855లో క్రిమియా యుద్ధమును చిత్రించుటకు పోయిన రోజర్ ఫెంటన్ అను ఆంగ్లేయుడు ఒక మద్యవర్తకుని బండిని చీకటిగదిగా మార్చి, గుఱ్ఱములచే లాగించుకొని పోయెను. ఆరవ నిజాము కొలువున ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీన్ దయాళ్ కాలమునకును గాజుపలకలు, పెద్దపెట్టె, ముక్కాలి దన్ను తప్పలేదు. అవి యొకని భుజమున పట్టెడి సామగ్రి కావు. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా కెమేరా వెలువడిన పిమ్మట పరిస్థితి మారినది. కెమేరా కోటుజేబులోనికి వచ్చెను. ఆ సుఖము నెక్కువకాలము నిలుపుకొనలేకపోయినది మనిషియే. ఒక కెమేరా రెండైనది, ఒక లెన్సు నాలుగైనవి, ఫ్లాషు వచ్చినది, బ్యాటరీలు వచ్చినవి. చిన్నవస్తువు పెక్కై మరల పెద్దబరువైనది. సంచి సమస్య యచ్చట పుట్టినది.

ఆ సమస్యకు మంచి పరిష్కారములు మోసెడివారినుండియే వచ్చుట గమనింపదగినది. 1970వ దశకమున అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికకు చిత్రములు తీయుచుండిన జిమ్ డాంకీ, అప్పటి గట్టిపెట్టెలతో విసిగి, మెత్తని కాన్వాసుగుడ్డతో నొక సంచిని కల్పించెను. దాని పట్టీ సంచి అడుగుననుండి చుట్టి వచ్చును; కావున బరువంతయు కుట్లమీద పడదు. పట్టీ నేతలో రబ్బరు దారములుండుటచే భుజమునుండి జారదు. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ సంస్థవారు 1973లో పని మొదలిడినది గాలము వేయువారి సంచులతో. న్యూయార్కు ఛాయాచిత్రకారులు ఆ చేపలసంచులనే కెమేరాలకై కొనుచున్నారని 1978లో తెలిసి, వారు కెమేరా సంచులవైపు మరలిరి. చేపలు పట్టువానికిని, చిత్రములు పట్టువానికిని అవసరము లొక్కటియే: చేయి వేయగానే వస్తువు దొరకవలెను, వాన చొరకూడదు, దినమంతయు భుజమున నుండవలెను. ఈ మూడింటికిని ధరతో గాని, పైమెరుగుతో గాని సంబంధము లేదు.

ఇక బరువు లెక్క. నేడు పత్రికలవారును, పెండ్లి ఫోటోలు తీయువారును వాడు కెమేరా యొకటి సుమారు 700 గ్రాములు. సాధారణమైన జూమ్ లెన్సు 800 గ్రాములు, దూరపు లెన్సు 1,400 గ్రాములు, ఫ్లాషు 400 గ్రాములు. బ్యాటరీలు, ఛార్జరు అరకిలో. నీళ్ళసీసా యొక కిలో. దట్టమైన స్పాంజి కుట్టిన సంచియే ఖాళీగా కిలోన్నర తూగును. మొత్తము ఆరుకిలోలు దాటినది. బడిపిల్లల పుస్తకాలసంచి వారి శరీరభారములో పదవవంతునకు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వము విధానము ప్రకటించినది. ఆ లెక్కను పెద్దలు తమకు వర్తింపజేసికొన్నచో, అరువది కిలోల మనిషికి ఈ సంచి హద్దు దాటినట్లే. పిల్లల సంచులను తూచు ఉపాధ్యాయుడు తన సంచిని గూడ ఒకపరి త్రాసున వేసి చూచుట మంచిది.

ఆ యారుకిలోలును ఒక్క భుజముననే యుండుట మరొక చిక్కు. కావడిలో రెండుతట్టలు సమముగా తూగుటచే మోసెడివాడు నిటారుగా నడువగలడు. భుజపు సంచి ఒంటితట్ట కావడి. అది కుడివైపు లాగుచుండగా, పడిపోకుండుటకై శరీరము ఎడమకు ఒరుగును. ఎడమప్రక్క నడుము కండరములు దినమంతయు బిగిసి యుండును. సాయంకాలమున నొప్పి పుట్టునది సంచి లేనివైపున నగుట కొందరికి వింతగా తోచును గాని, తరగతిలో తులాదండము పాఠము విన్న విద్యార్థికి వింత కారాదు. సంచి దేహమునకు ఎంత యెడముగా వ్రేలాడునో అంత లాగును. కావుననే లావుపాటి చదరపు సంచికంటె, తుంటి నంటుకొని యొదుగు పలుచని సంచి, బరువు సమానమైనను, తేలికగా తోచును. పట్టీని తలమీదుగా అడ్డముగా వేసికొన్నచో ఇంకను మేలు. రెండున్నర సెంటీమీటర్ల పట్టీ స్థానమున అయిదు సెంటీమీటర్ల పట్టీ వేసిన, బరువు తగ్గదు గాని భుజము మీది ఒత్తిడి సగమగును. దుకాణములలో పట్టీకి మెత్తని దిండు అంటించి చూపుదురు. దిండుకంటె వెడల్పు ముఖ్యము.

సంచి పరిమాణము విషయమున లోకము పొరపాటుననే యున్నది. రేపు మరొక లెన్సు కొనవచ్చును గదా యని పెద్దసంచి కొందురు. ఖాళీ యున్న సంచి ఖాళీగా నుండదు. ఏదో యొకటి వచ్చి అందులో చేరును; చేరినది మరల దిగదు. ఊరి గుడిముందటి వీరగల్లులను, శాసనములను ఫోటోలు తీసి పిల్లలకు చూపదలచిన ఉపాధ్యాయు డొకడున్నాడనుకొందము. అతనికి కావలసినది ఒక కెమేరా, ఒక లెన్సు, అక్షరములు తేటపడుటకు ప్రక్కనుండి వెలుతురు పరచు చిన్నదీప మొకటి, నోటుపుస్తకము. ఇవి పట్టెడి సంచి చాలును. అతడు పక్షులను చిత్రించు వారివలె పులికాట్ సరస్సునకు పోవువాడు కాడు. అయినను పక్షులవారి సంచియే కొనును. కొని, మూడవ ఊరికే అలసి, నాలుగవ ఊరికి సంచి నింటనే విడిచి పోవును. ఆ నాలుగవ ఊరి శాసనము గోడసున్నము క్రింద మరుగుపడిపోయిన, తిరిగి దొరకదు. ఇచ్చట నష్టము భుజమునకు మాత్రమే కాదు. చిన్నసంచి కొన్నవాడు బయలుదేరుటకు ముందే ఏది వలయునో, ఏది వలదో ఆలోచింపవలసి వచ్చును. ఆ యాలోచన చిత్రమునకును మేలు చేయును. కార్టియే బ్రెసాన్ తన పనిలో అధికభాగమును ఒక లైకాతోను, ఒక యాభై మిల్లీమీటర్ల లెన్సుతోను సాధించిన సంగతి ఛాయాగ్రాహకు లెల్లరెరిగినదే.

వీపుసంచి మేలు గదా యని కొందరి వాదము. అది రెండుభుజములకును బరువు పంచును. కొండ యెక్కువానికి, క్రోసుల కొలది నడచువానికి అదియే తగును. ఒప్పుకొనవలసినదే. కాని తిరునాళ్ళలోనో, బడి వార్షికోత్సవములోనో పనిచేయువాడు లెన్సు మార్చవలసినప్పుడెల్ల సంచిని వీపునుండి దింపి, నేలమీద పెట్టి, విప్పుకొని కూర్చుండలేడు. అంతలో దృశ్యము గడచిపోవును. కెమేరాను చూడకయే చేయి చొప్పించి తీయగలుగుట భుజపుసంచికి గల యొకేయొక ఘనత. ఆ ఘనత లేని భుజపుసంచి కొనుట వృథా. మూడు జిప్పులు, రెండు బిళ్ళలు, పైన నొక వెల్‌క్రో పట్టీ గల సంచులు కలవు. ఇవి దొంగకంటె యజమానినే యెక్కువ ఆటంకపరచును. వెల్‌క్రో చప్పుడు సంగతి సంగీతకచేరీలో నొకపరి విప్పినవాడే యెరుగును.

మన వాతావరణమునకు సంబంధించిన ముచ్చట యొకటి పైదేశపు సంచుల ప్రకటనలలో కనుపింపదు. కోస్తాజిల్లాల ఉక్కలో స్పాంజి తేమను పట్టి యుంచును. వానాకాలమున కెమేరాను ఆ సంచిలోనే మూసి బీరువాలో పెట్టిన, లెన్సులోపల బూజు సాలెగూడువలె అల్లుకొనును. ముదిరిన గాజు పూతను తినివేయును. కావున సంచి ప్రయాణమునకే గాని నివాసమునకు కాదు. ఇంట గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో కెమేరా నుండవలెను. సంచి నోరు తెరచి గాలికి వ్రేలాడవలెను. సంచి లోపల నీరు చొరకుండ పూసెడి ప్లాస్టిక్కుపూత సైతము ఈ ఉక్కకు కొన్నియేండ్లలో జిగటయై పొరలుగా రాలును. దళసరి నూలుగుడ్డ, విడిగా తొడుగు వానముసుగు, ఈ రెండును కలిసి యంతకంటె ఎక్కువకాలము మన్నును.

ఇప్పుడు పలువురు బొమ్మ చూచి సంచి తెప్పించుకొనుచున్నారు. బొమ్మలోని సంచి ఎవని భుజమునను నొప్పింపదు. దుకాణమునకు పోవునప్పుడు తన కెమేరాను, తన లెన్సును, నిండిన నీళ్ళసీసాను వెంట తీసికొనిపోవలెను. అన్నియు సంచిలో పెట్టి, పట్టీ పొడవు సరిచేసికొని, మెట్లు ఎక్కి దిగి, వీధిలో అరగంట నడచి రావలెను. కన్నులు మూసికొని కెమేరాను బయటికి తీసి మరల పెట్టి చూడవలెను. దుకాణదారు విసుగుకొనవచ్చును. విసుగుకొననిమ్ము. అరగంటకు భుజము ఏమియు పలుకకున్న, అప్పుడు ధర యడుగవచ్చును.