ఆటిజం ఉన్న బిడ్డ, బడిలోని ప్రత్యేక తరగతి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో బిడ్డకు ఆటిజం ఉన్నదని తేలినప్పుడు, వైద్యుని మాటకంటె బడివారి మాటే కొన్ని ఇళ్ళలో ఎక్కువ కలవరం కలిగిస్తుంది. "ప్రత్యేక తరగతి" అనగానే తల్లిదండ్రుల మనస్సులో వెలి అన్న భావం మెదులుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ దానికి తోడు. ఆ బెంగతో కొందరు ఆ తరగతి వద్దేవద్దంటారు. మరికొందరు బడివారు చెప్పినదానికి తలూపి సంతకం చేసి వస్తారు. రెండూ తొందరపాటే.

1943లో బాల్టిమోర్ వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల లక్షణాలను వర్ణించిన నాటికి ఇటువంటి వారిని చేర్చుకొనే బడులు అరుదు. 1975 నాటి సమాఖ్య చట్టం వైకల్యమున్న పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కు చేసింది. 1990లో ఆ చట్టంలో ఆటిజం పేరు విడిగా చేరింది. 2022లో సి.డి.సి. 16 ప్రాంతాలలో లెక్క చూడగా, ఎనిమిదేళ్ళ పిల్లలలో 31 మందికి ఒకరికి ఆటిజం ఉన్నట్లు తేలింది. దాచుకోవలసినంత అరుదైన సంగతి కాదిది.

పాతికమంది ఉన్న గదిలో కుర్చీల రాపిడి, గంట మోత, ట్యూబులైట్ల రొద కొందరు బిడ్డలకు భరించరానివి. తరువాత ఏమి జరుగనున్నదో తెలియకపోవడం అంతకు మించిన యాతన. 1972లో నార్త్ కెరొలినాలో ఆరంభమైన 'టీచ్' కార్యక్రమం ఈ రెండింటికీ చక్కని ఉపాయాలు చూపింది. దినచర్యను బొమ్మల వరుసగా గోడకు అమర్చుతారు. చేయవలసిన పనులు ఎడమవైపు, ముగిసినవి కుడివైపు బుట్టలో. పదిసార్లు చెప్పినా చెవికెక్కనిది కంటికి ఇట్టే అందుతుంది. దీనిని గారాబమనుకోవడం, కళ్ళజోడును గారాబమనుకోవడం వంటిదే.

అయితే గది మంచిదైనంత మాత్రాన బిడ్డను రోజంతా అందులోనే ఉంచడం న్యాయం కాదు. తగిన సహాయం సమకూర్చినా సాధారణ తరగతిలో చదువు సాగనప్పుడు మాత్రమే వేరుచేయాలని చట్టం. బిడ్డ కోసం తయారుచేసే ఐ.ఇ.పి. అనే విద్యాప్రణాళికలో, అతడు ఎంతమేరకు తోటి పిల్లలతో కలవడో, దానికి వివరణ ఏమిటో వ్రాసి తీరాలి. తల్లిదండ్రులు నిలదీయవలసినది ఆ పుట దగ్గరే. లెక్కలలో చురుకైన బిడ్డను ఆ పీరియడుకైనా సాధారణ తరగతికి ఎందుకు పంపరు? వెంట సహాయకురాలు ఉంటుందా? భోజనశాల గోల పడకపోతే ఇద్దరు స్నేహితులతో వేరే గదిలో తినవచ్చునా? ఆటిజం ఉన్న కొలరాడో బాలుని వ్యాజ్యంలో, నామమాత్రపు ప్రగతి చాలదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అడిగేవారికి ఆ తీర్పు అండగా ఉన్నది.

ఇంగ్లీషులో తడబడే తల్లి సమావేశంలో మౌనంగా కూర్చోనక్కరలేదు. దుబాసీని ఏర్పాటు చేయడం బడివారి బాధ్యత. ప్రణాళికను ఏటా ఒక్కసారైనా తిరిగి చూడాలి కనుక ఈ ఏటి గది వచ్చే ఏటికి మారవచ్చు. ప్రత్యేక విద్య మొదటిసారి ఆరంభించాలంటే మాత్రం తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారం కావాలి. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకొని, తీరికగా చదివి, మరునాడు సంతకం చేసినా తప్పులేదు.