అద్దె బాకీ పడినప్పుడు



రాజాంలో మన కుటుంబాలు చాలా అద్దె ఇళ్లలో ఉంటున్నాయి. రేగిడి, సంతకవిటి, వంగర వైపు ఊళ్ల నుండి జూట్ మిల్లు పనికో, తాపీ పనికో, పిల్లల చదువుకో వచ్చి రెండు గదులు తీసుకున్నవారే ఎక్కువ. ఆ గదులు అద్దెకిచ్చినవారిలోనూ మనవారున్నారు. అందుచేత ఈ నెల ఇద్దరితోనూ మాట్లాడాలనిపించింది.

పోయిన ఏడాది ఆగస్టు చివర ఒక సాయంత్రం అయ్యగారికి, నాకు కబురొచ్చింది. వెళ్లేసరికి అరుగు మీద ఇల్లుగలామె కూర్చుని ఉంది. భర్త పోయాడు. షుగరు, బి.పి. మందులు ఆ అద్దె డబ్బుతోనే కొనుక్కుంటుంది. అద్దెకున్నతను తాపీ మేస్త్రి. మే నెలాఖరున చెయ్యి విరిగి రెండు నెలలు పని లేకుండా ఉన్నాడు. అద్దె నెలకు 3,000 రూపాయలు. జూన్, జూలై ఇవ్వలేదు. ఆగస్టులో పనికి వెళ్లి 3,000 తెచ్చి ఇచ్చాడు. గొడవ అక్కడే మొదలైంది.

"ఇది జూన్ అద్దె. ఈ నెలది ఇంకా రాలేదు" అంది ఆమె. "మామ్మా, ఈ నెలదని తెచ్చి ఇచ్చాను కదా" అన్నాడు అతను. ఎలా చూసినా మిగిలింది 6,000 రూపాయలే. అయినా ఆమె దృష్టిలో అతను ఈ నెల కూడా ఎగ్గొట్టినవాడు. అతని దృష్టిలో తాను మళ్లీ నిలబడి అద్దె కడుతున్నవాడు. దీనికి తోడు, వేసవిలో అతను ఆమె స్నానాలగది గోడకు సిమెంటు పని చేశాడు. ఆ 1,500 అద్దెలో పోతుందని అతను అనుకున్నాడు. ఇంట్లో ఉన్నవాడు సాయం చేశాడని ఆమె అనుకుంది. ఇద్దరూ నోరు విప్పి అడగలేదు.

"పారిపోతానా ఏటి?" అని అతను, "మరి నా మందులకేటి దారి అమ్మగోరూ?" అని ఆమె. రెండూ న్యాయమైన మాటలే. ఆ రెండు నెలలూ అతను సిగ్గుపడి వెనక గుమ్మం నుండి వెళ్లేవాడట. "నా ఎదుట పడకుండా తిరిగాడు" అన్నప్పుడే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాకీ కంటే ఆ తప్పించుకోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి నోటు పుస్తకంలో ఒక పేజీ రాశాము. గోడ పని కూలి 1,500 తీసేస్తే పాత బాకీ 4,500. సెప్టెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఆరు నెలలు, నెలకు 750 చొప్పున అద్దెతో కలిపి ఇవ్వాలి. అంటే నెలకు 3,750. పనివాళ్లకు బటవాడా శనివారం కాబట్టి మొదటి శనివారం 2,000, మూడో శనివారం 1,750. మొదటి శనివారం డబ్బు ఆమె మందులకు అందుతుంది. ఆరు నెలలూ ఇలా జరిగితే ఖాళీ చేయమనే మాట రాదు. ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకున్నారు.

డిసెంబరులో పండుగ ఖర్చులకు 250 తగ్గింది. అతను వారం ముందే వెళ్లి చెప్పాడు. జనవరిలో కలిపి ఇచ్చాడు. ఫిబ్రవరిలో బాకీ తీరిపోయింది.

కొంత కొంతగా ఇచ్చే డబ్బు ఏ బాకీకి చెందుతుందన్న ప్రశ్న కొత్తది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీనికి జవాబుంది. ఇచ్చేవాడు ఇది ఫలానా బాకీకని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవారు దానికే జమ వేయాలి. అతను చెప్పకపోతే పుచ్చుకున్నవారు తమకు నచ్చిన బాకీకి జమ వేసుకోవచ్చు. ఇద్దరూ ఏమీ అనకపోతే పాత బాకీ ముందు తీరుతుంది. కాబట్టి డబ్బు చేతిలో పెట్టేటప్పుడు నెల పేరు చెప్పండి. పుచ్చుకునేవారు ఆ నెల పేరే రాయండి.

మన రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం కూడా ఇవ్వలేనివాడిని, ఇవ్వనివాడిని ఒకే గాటన కట్టలేదు. బాకీ బుద్ధిపూర్వకమైన ఎగవేత కాదని తేలితే, ఖాళీ చేయించకుండా చెల్లించడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చని చెప్పింది. అద్దె తీసుకున్నవారు రశీదు ఇవ్వాలని, తీసుకోనంటే మనియార్డరు చేయవచ్చని కూడా చెప్పింది.

2020లో కరోనా వచ్చినప్పుడు మన పక్కనుండి విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్లిన కూలీలు పని లేక అద్దె గదుల్లో చిక్కుకున్నారు. ఆ మార్చి 29న కేంద్ర హోం శాఖ, కూలీల దగ్గర ఒక నెల అద్దె అడగరాదని, కూలీలను, విద్యార్థులను బలవంతంగా ఖాళీ చేయించరాదని ఉత్తర్వు ఇచ్చింది. అది మంచి ఊరట. అయితే తర్వాత ఎలా తీర్చుకోవాలన్న లెక్క ఆ రెండు కుటుంబాలే కూర్చుని వేసుకోవలసి వచ్చింది. ప్రభుత్వం గడువు ఇవ్వగలదు గాని, మన గుమ్మంలోకి వచ్చి మన బదులు మాట్లాడలేదు.

పొలం కౌలుకు చేసే కుటుంబాలకు కూడా ఇదే మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ వరి ఇంకా పొలంలో ఉండగానే వచ్చిన తుఫానులు. తుఫాను, వరద, కరువు వంటివి విస్తారంగా పంటను పాడుచేసినప్పుడు కౌలులో తగ్గింపు పొందవచ్చని 1956 నాటి కౌలు చట్టం చెప్పింది. కాని మన దగ్గర చాలా కౌళ్లు నోటిమాటవే. చూపడానికి కాగితం లేనివాడు ఏమని అడుగుతాడు? రాసిస్తే భూమి పోతుందేమోనని యజమానికి భయం. ఆ భయాన్ని చూసే, 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని హక్కుకు భంగం లేకుండా 11 నెలల ఒప్పంద పత్రాన్ని పెట్టింది. కౌలు మాట్లాడుకునే రోజే "పంట పోతే ఎంత తగ్గింపు, మిగిలినది మినుము, పెసర చేతికొచ్చాక ఇవ్వవచ్చునా" అన్నది కూడా మాట్లాడుకొని రాసుకోండి. కల్లంలో తగవు పడడం కంటే అది మేలు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఇద్దరు బాకీదారుల కథ మీకందరికీ తెలుసు. ఆ ఇద్దరూ బాకీ కొట్టివేయమని అడగలేదు. గడువు అడిగారు. రెండవవాడి బాకీ నూరు దేనారములు. దేనారమంటే ఒక రోజు కూలి. నూరు రోజుల కూలి చిన్న మొత్తమేమీ కాదు. అయినా పనికి వెళ్లగలిగితే వాయిదాల మీద తీరేదే. చెరసాలలో పడినవాడు కూలి ఎలా తెస్తాడు? ఓపిక లేక ఆ అప్పులవాడు తన డబ్బు వచ్చే దారి తానే మూసుకున్నాడు.

అద్దెకున్నవారికి నా మాట. ఇవ్వలేమని తెలిసిన రోజే చెప్పండి, గడువు దాటే వరకు ఆగవద్దు. "చూస్తాను" అనకుండా ఎంత, ఏ రోజు అని చెప్పండి. జరగని మొత్తం ఒప్పుకోవద్దు. మూడు వేలని చెప్పి తప్పడం కంటే వెయ్యి చెప్పి నిలబడడం మేలు.

ఇల్లుగలవారికి నా మాట. కొంత తెచ్చినవాడిని, మిగతాది ఏదని గుమ్మంలో నలుగురిలో అడగవద్దు. తెచ్చినది తీసుకుని రాసి ఇవ్వండి. మీ అవసరం కూడా దాచుకోవద్దు. మీ మందుల సంగతి అతనికి తెలిస్తే మీ తేదీని గుర్తుంచుకుంటాడు. గడువు ఇచ్చి ఇచ్చి ఇక మీ వల్ల కాకపోతే, ఖాళీ చేయవలసిన తేదీని ముందే చెప్పి రాసివ్వండి. అందులో తప్పులేదు. సామాను వీధిలో పెట్టడం, నీళ్లు ఆపడం మాత్రం మనకు తగదు.

ఈ నెల మీ ఇంట్లో ఇవ్వవలసినదో రావలసినదో ఉంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం తీసుకుని ఆ ఇంటికి వెళ్లండి. వెనక గుమ్మం నుండి కాదు, ముందు గుమ్మం నుండే వెళ్లండి.