రాత్రి డిప్లాయ్‌మెంట్ అంటే భయమెందుకు?

"మా పిల్లోడు పుణెలో కొలువు చేస్తున్నడు. శనివారం రాత్రి డిప్లాయ్‌మెంట్ ఉందంటే చాలు, తెల్లారేదాకా కన్నంటుకోడు. ఏం పనయ్యా అది?" మన సోలాపూర్ ఇండ్లల్లో ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న మాట ఇదే. పిల్లలనడిగితే "ఈఎస్‌బీ ప్రాజెక్టు" అంటరు, అంతటితో ముచ్చట ఆగిపోతది. ఈ నెల ఆ ముచ్చటే విప్పుకుందాం. పెద్దలకు పిల్లల పని అర్థమైతది, కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు జాగ్రత్తలు దొరుకుతయి.

ఈఎస్‌బీ అంటే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్. పెద్ద బ్యాంకులో ఖాతాల లెక్క ఒక ప్రోగ్రాం చూస్తది, అప్పుల లెక్క ఇంకొకటి, మన ఫోనుకు మెసేజ్ పంపేది మరొకటి. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో తయారైంది, ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. వీటి నడుమ ఉండి, ఇక్కడి మాటను అక్కడికి అర్థమయ్యేటట్టు మార్చి చేరవేసేదే ఈ బస్. మ్యూల్, డబ్ల్యూఎస్‌ఓ2 అనేవి ఇలాంటివే. మ్యూల్ అంటే కంచరగాడిద. మోత పనంతా అదే మోస్తదని ఆ పేరు పెట్టారు.

నడుమ ఉన్నది కాబట్టి దానికి దెబ్బ తగిలితే అన్నిటికీ తగులుతది. ఒక పేక పోగు తెగితే నష్టం అక్కడికే. జకార్డ్ కార్డులో ఒక్క రంధ్రం తప్పు పడితే, డిజైన్ తిరిగొచ్చిన ప్రతిసారీ చద్దరులో అదే తప్పు వస్తది. బస్‌లో జరిగే తప్పు ఈ రెండో రకం. పిల్లల భయం దాని గురించే.

ఈ భయానికి రెండు మందులున్నాయి. మొదటిది వర్షన్ కంట్రోల్. ఎవరు, ఎప్పుడు, ఏ గీత మార్చారో, ఎందుకు మార్చారో దాచిపెట్టే చిట్టా అన్నమాట. ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్. లినక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లో రాశాడు. పదిమంది ఒకే ప్రాజెక్టు మీద పనిచేసినా ఒకరి పని ఇంకొకరు తుడిచేయకుండా చూస్తది, నిన్నటి రూపం కావాలంటే తీసిస్తది.

రెండోది కంటిన్యువస్ ఇంటిగ్రేషన్. ఎవరు మార్పు చేసి గిట్‌లో పెట్టినా, జెంకిన్స్ లాంటి ప్రోగ్రాం వెంటనే అందరి పనినీ కలిపి, కట్టి, పరీక్షలు నడుపుతది. తప్పుంటే ఎర్రగా చూపి ఆపుతది. పడుగు పోగు తెగగానే దాని మీది పిన్ను జారిపడి సాంచా ఆగిపోతది చూడండి, అచ్చం అట్లనే. గజం బట్ట నేసినంక తప్పు వెతకడం కంటే అక్కడికక్కడ ఆగడమే మేలు గదా.

ఇవి లేకుంటే ఏమైతదో 2012 ఆగస్టు 1న అమెరికాలో తెలిసింది. నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ తన కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో చేత్తో పెట్టించింది. అది బస్ కాదు, కానీ ఆర్డర్లు తీసుకొని మార్కెట్లకు పంపే నడిమి ప్రోగ్రామే. ఏడింటిలో పెట్టారు, ఎనిమిదో దాంట్లో మరిచారు. ఏళ్లకిందనే వాడటం మానేసిన పాత కోడ్ అక్కడ మళ్లీ లేచి, అడగని షేర్లు కొనడం అమ్మడం మొదలుపెట్టింది. తప్పు ఎక్కడుందో తెలియక ఆ ఏడింటిలోంచి సరైన కొత్త కోడ్‌నే తీసేశారు, దాంతో నష్టం ఇంకా పెరిగింది. 45 నిమిషాల్లో పోయింది 46 కోట్ల డాలర్ల పైమాటే. విచారణలో బయటపడ్డదేందంటే, పెట్టిన కోడ్‌ను రెండో మనిషి చూడాలనే రాతపూర్వక నియమమే అక్కడ లేదు. పైగా మార్కెట్ తెరవకముందే ఆ సిస్టం తప్పుందని 97 ఈమెయిళ్లు పంపింది, ఎవరూ పట్టించుకోలేదు.

మరిచింది ఒక మనిషే కావచ్చు. కానీ మనిషి మరుస్తడని తెలిసీ చూసేవాళ్లను పెట్టకపోవడం యాజమాన్యం తప్పు. మిల్లులో పనిచేసిన మనవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఇక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బస్ ప్రాజెక్టులో మీరు చూసుకోవలసినవి.

ఒకటి. మీరు తెర మీద బొమ్మలుగా గీసే ఫ్లోలు లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే. ఇద్దరు ఒకే పెద్ద ఫైల్ మీద పనిచేస్తే కలిపేటప్పుడు చిక్కుముడి పడుతది. ఒక్కో పనికి ఒక్కో చిన్న ఫైల్ పెట్టుకోండి.

రెండు. సర్వర్ల చిరునామాలు టెస్టుకు వేరు, అసలుకు వేరు. వాటిని కోడ్‌లో కలపకుండా బయట సెట్టింగుల్లో ఉంచండి. పాస్‌వర్డులను గిట్‌లో అసలే పెట్టొద్దు. తర్వాత చెరిపినా పాత చిట్టాలో ఉండనే ఉంటయి.

మూడు. పరీక్షకు అవతలి బ్యాంకు సిస్టం ప్రతిసారీ దొరకదు. దాని బదులు జవాబిచ్చే నకిలీని, అంటే మాక్‌ను పెట్టుకోండి. మ్యూల్‌లో దీనికి ఎంయూనిట్ ఉంది. మంచి జవాబే కాదు, జవాబు రాకపోతే ఏమైతదో కూడా పరీక్షించండి.

నాలుగు. టెస్టులో నెగ్గిన ప్యాకేజీనే అసలు సర్వర్‌కు పంపాలి. అక్కడికోసం మళ్లీ కొత్తగా కడితే, పరీక్షించింది ఒకటి, నడిచేది ఇంకొకటి అయితది. పాత ప్యాకేజీ పక్కన సిద్ధంగా ఉంచుకోండి.

మీ టీంలో ఇవి లేకుంటే, చేరి ఆరునెలలే అయినా సరే, సీనియర్‌ను మర్యాదగా అడగండి. ఒకేసారి అన్నీ రావు. ముందు గిట్, తర్వాత రోజుకోసారి దానంతటది నడిచే బిల్డ్, ఆపైన పరీక్షలు. ఇంటర్వ్యూకు పోయినా ఈ పని చేసినోళ్ల మాటకు విలువ ఉంటది.

అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలు ఈసారి రాత్రి డిప్లాయ్‌మెంట్ అంటే ఒక్కటి అడగండి: "తప్పు జరిగితే పాతదానికి ఎంతసేపట్లో పోగలరు?" పది నిమిషాలంటే నిశ్చింతగా పడుకోండి. "ఏమో" అంటే, ఆ టీంలో ఏదైనా చెడితే వేలు ముందు చూపేది అందరికంటే చిన్నవాడి మీదికే. చిట్టా ఉన్నచోట ఎవరు ఏం చేసిందీ రాసే ఉంటది, నింద ఊరికే ఎవరి నెత్తినా పడదు. మీ పిల్లలకు ఆ చిట్టా అలవాటు చేయించండి.