ఫోన్ ఎత్తుతారు సరే, ఇంటికి ఎవరొస్తారు?

108 అంబులెన్స్ పుట్టింది హైదరాబాద్‌లో. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. రోడ్డు ప్రమాదమైనా, పురిటి నొప్పులైనా, పాముకాటైనా ఆ మూడంకెలు నొక్కాలని తెలియని ఇల్లు తెలుగునాట దాదాపు లేదు. అదే ఒక తల్లి అర్ధరాత్రి ఫోన్ చేసి, ‘మావాడు నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదు, ఎవరో చంపడానికొస్తున్నారంటూ కత్తి పట్టుకుని గడపలో కూర్చున్నాడు’ అని చెబితే? ముందు పోలీసులకు చెప్పమంటారు. ఆమెకేమో పోలీసులంటే భయం. చివరికి ఇరుగుపొరుగు నలుగురు కలిసి కుర్రాడి కాళ్లూచేతులూ కట్టి ఆటోలో వేస్తారు, లేదా తెల్లారాక దర్గాకో భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. వాళ్లను మూఢులని తిట్టడం తేలిక. ఆ వేళకు తలుపు తెరిచి ఉన్నది ఆ ఒక్కచోటే అని గుర్తుంచుకోవాలి.

నిజానికి ఈ విషయంలో మన చట్టానికి వంక పెట్టడానికి లేదు. 2017లో వచ్చి, 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ సూటిగా చెప్పింది: శరీరానికి జబ్బు చేసినవారికి అంబులెన్సు ఎలా అందుతోందో, మనసుకు జబ్బు చేసినవారికీ అంతే నాణ్యతతో అందాలి, అత్యవసర వైద్యమూ అదే స్థాయిలో ఉండాలి. 94వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా వైద్యం మొదలుపెట్టవచ్చు. సైకియాట్రిస్టే కానక్కర్లేదు, ఆస్పత్రే కానక్కర్లేదు. రోగి తరఫున నామినేట్ అయిన ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలి. సాధారణంగా 72 గంటల వరకు ఈ వెసులుబాటు ఉంటుంది. దగ్గర్లోని మానసిక వైద్యశాలకు తరలించడం కూడా ఇందులో భాగమే. కరెంటు షాకు చికిత్స మాత్రం ఈ పేరుతో చేయకూడదు. దిక్కుతోచక రోడ్ల మీద తిరిగేవారిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లో ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. అది 100వ సెక్షన్.

ఇన్ని ఉన్నా, మండల కేంద్రంలోని పీహెచ్‌సీ డాక్టరు ‘మానసిక కేసు మాది కాదు’ అని చేతులెత్తేయడం వింత కాదు. ఆయన చదివిన చదువులో ఆ అంశానికి దక్కింది కొద్ది వారాలే. 94వ సెక్షన్ తనకు రక్షణగా ఉందని చెప్పినవారెవరూ లేరు.

ఫోన్ సాయం విషయంలో ప్రభుత్వం చేసిన మంచి పనిని మెచ్చుకోవాల్సిందే. 2022 అక్టోబరు 10న, బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రంగా టెలీ మానస్ మొదలైంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దేశవ్యాప్తంగా 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయంటే అవసరం ఎంతుందో తెలుస్తోంది. పరీక్ష భయం, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో గొడవలు, చచ్చిపోవాలన్న ఆలోచన... మాట్లాడగలిగిన మనిషికి ఆ గొంతు నిజంగా ఆసరా. మాట్లాడే స్థితి దాటిపోయిన మనిషి ఫోన్ చేయడు కదా. పక్కనున్నవాళ్లు చేస్తారు. అప్పుడు వాళ్లకు కావాల్సింది సలహా కాదు, మనిషి.

అమెరికాలో 2022 జులైలో 988 నంబరు తెచ్చినప్పుడు వాళ్లు పెట్టుకున్న లక్ష్యం మూడు మెట్లది: ఫోనెత్తే గొంతు, ఇంటికొచ్చే బృందం, వెంటనే చేర్చుకునే చోటు. రెండో మెట్టు, మూడో మెట్టు అక్కడా అన్నిచోట్లా పూర్తి కాలేదు, చాలా ఊళ్లలో ఇప్పటికీ ముందు వచ్చేది పోలీసే. అయినా ఏం కట్టాలో వాళ్లు గీసుకున్నారు. మనం మొదటి మెట్టు కట్టి, రిబ్బన్ కత్తిరించి ఊరుకున్నాం.

ఇక ఆస్పత్రి గుమ్మం. అక్కడ జరిగేది మరీ బాధాకరం. ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్యాయత్నం’ అనే మాట తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఎన్నేళ్లుగా చూస్తున్నామో! కుటుంబం అలా చెబుతుంది, పోలీసులు అలాగే రాసుకుంటారు, విలేకరి అదే పంపిస్తాడు. దీని వెనకున్నది పరువు ఒక్కటే కాదు, కేసు భయం కూడా. మెడికో లీగల్ కేసంటూ కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు గుమ్మంలోనే తిప్పి పంపేయడంతో, జనం పొరపాటున జరిగిందని చెప్పడం నేర్చుకున్నారు. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1తో పోయింది. ప్రభుత్వోద్యోగిని విధులు చేయకుండా అడ్డుకోవడానికో, ఒత్తిడి తేవడానికో అలా చేస్తేనే కొత్త న్యాయ సంహితలో నేరం. ఈ సంగతి ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి.

అబద్ధం చెప్పి బతికి బయటపడ్డ మనిషి పరిస్థితి ఏమిటి? కడుపు కడిగారు, సెలైన్ పెట్టారు, మూడో రోజున డిశ్చార్జి చేశారు. మానసిక వైద్యుడు చూడనే లేదు. ఇంటికెళ్లిన తర్వాతి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవని వైద్యులందరికీ తెలుసు. దీనికి కోట్లు ఖర్చయ్యే మందేమీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు దేశాల్లోని అయిదు చోట్ల, ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రికొచ్చిన 1,867 మందిపై అధ్యయనం చేసింది. కొందరికి మామూలు వైద్యం. మిగిలినవారికి దాంతోపాటు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడటం, ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించడం. ఆ ఏడాదిన్నరలో మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, పలకరింపు అందినవారిలో అది 0.2 శాతమే. 2008లో వెలువడిన ఫలితమిది. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎంలున్నారు. గర్భిణి ఇంటికి వెళ్తున్నవాళ్లు ఈ ఇంటికీ వెళ్లగలరు. ఆ పనికి తగిన శిక్షణ, విడిగా పారితోషికం మాత్రం ఇవ్వాలి. చెప్పి చేయించుకోవడం కాదు.

పడకల సంగతి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆస్పత్రుల పేర్లను మనం ఎగతాళి మాటలుగా మార్చుకున్నాం. అందుకే ఇంటివాళ్లు ఆఖరి నిమిషం దాకా అటు వెళ్లరు. పైగా ఆదిలాబాద్ నుంచి ఎర్రగడ్డకు దాదాపు 300 కిలోమీటర్లు. ఉద్రిక్తంగా ఉన్న మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్తారు? తీసుకెళ్లాల్సిన పనీ లేదు. తెలంగాణలో ఇప్పుడు జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ అనేక జిల్లాల్లో ఉన్నాయి. వైద్య కళాశాల అన్నాక మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. లేనిది రాత్రి పూట పిలిస్తే క్యాజువాలిటీకి వచ్చే డాక్టరు, అక్కడే రెండు మూడు రోజులు ఉంచే నాలుగు పడకలు. 2022లో కేంద్రం ప్రకటించిన ఆత్మహత్యల నివారణ వ్యూహం అయిదేళ్లలో అన్ని జిల్లాల్లో మానసిక వైద్య ఓపీ ఉండాలంది. ఓపీ మధ్యాహ్నానికి మూసేస్తారు. ఆపద సాయంత్రం కూడా వస్తుంది.

విశాఖలో నీట్ శిక్షణలో ఉన్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనిపించేలా పెట్టాలని చెప్పింది. కార్పొరేట్ కళాశాలలు పోస్టరు మాత్రం తప్పక అంటిస్తాయి. కౌన్సెలర్‌ను పెట్టారా లేదా అని తనిఖీ చేయాల్సింది ఇంటర్ బోర్డులే.

కొత్త చట్టం అక్కర్లేదు. 108 సిబ్బందికి ఉద్రిక్తంగా ఉన్న మనిషిని శాంతపరచడంలో శిక్షణ, 14416 నుంచి 108కి కాల్ నేరుగా మళ్లే ఏర్పాటు, ప్రతి వైద్య కళాశాల క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీకి ఒక మానసిక వైద్యుడు. ఈ మూడింటికీ జీవో చాలు. 108ని దేశానికి నేర్పిన రెండు రాష్ట్రాలే ఈ పనీ ముందు చేయాలి.

ఈలోగా ఇంట్లో ఎవరి మాటలోనైనా తేడా కనిపిస్తే ‘చనిపోవాలని అనిపిస్తోందా’ అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి. మాట్లాడటానికి 14416, ప్రాణం మీదికొస్తే 108. వస్తారా రారా అని ఆలోచించకుండా ఫోన్ చేయండి. అంబులెన్సు పంపకపోతే ఎందుకు పంపలేదో 21వ సెక్షన్ పేరు చెప్పి అడగండి.